నురుగు రాని నీళ్లు

నాకు మీసం రాకముందే
నాయిన గడ్డం గీసుడు నేర్చుకున్న.
తొమ్మిదో తరగతి.
చెంప మీద ఈగ వాలితె
జారి పడే ఈడు.

మా మర్రిగూడ దిక్కు
కొందరు మనుషులు పక్కకు సూడాల్నంటె
మెడ తిరగదు,
మనిషే తిరుగుతడు.
నాయిన గంతె.
మోచెయ్యి సగం దాక మడుస్తది,
ఆడ ఆగుతది, బేడం పెట్టినట్టు.
తినేటందుకు చెంచకు
పొడుగు పుల్ల కట్టిచ్చింది అమ్మ.
కత్తికి పుల్ల కడితె నడువదు గద.

బాలనర్సు దుకాణంల కుర్సీ ఎనుకకు వాల్తది,
నాయిన వాలడు.
రెండు ఐతారాలు తిప్పలు వడ్డడు బాలనర్సు.
మూడో ఐతారం కత్తి తుడిచి పెట్టెల పెట్టి
"పిలగాన్ని తోలియ్యి లచ్చుమన్నా,
నేను సూపిస్త" అన్నడు.

బుగ్గ మీద నేర్పిండు.
చెంప కాదు,
జాతరల పోరలు కొనుక్కునే గాలి బుగ్గ.
దానికి సబ్బు రాసి, బ్లేడు నా చేతికిచ్చి
"బలం పెట్టకు ర,
కత్తి బరువే కత్తికి సాలు" అన్నడు.
మూడు బుగ్గలు పల్గినయి.
దుకాణంల కూసున్న ముసలోళ్లు
పల్గినప్పుడల్ల ఉలిక్కిపడి నవ్విన్రు.
నాలుగోది పల్గలె.
దాన్ని జేబుల పెట్టుకోని ఉరికిన ఇంటికి,
తొవ్వల అదీ పల్గింది.

బోరు నీళ్లల్ల సబ్బు నురుగు రాదు,
ఇరిగిన పాల తీరు ముక్కలైతది.
నల్లాల కృష్ణ నీళ్లు దినం తప్పి దినం.
తాగేటందుకు అమ్మ దాపెట్టిన బిందెలకెల్లి
చెంబెడు ముంచిన.
ఆమె సూశింది.
ఏమనలె.
బిందె మీద మూత మాత్రం
జర గట్టిగ పెట్టింది.

గడప ముంగట స్టూలేసి నాయిన కూసున్నడు.
ఆయన తిరగడు,
నేనే ఆయన సుట్టు తిరిగిన.
ఎడమ దవడకు ఎడమ దిక్కు,
గదుమ కిందికైతె మోకాళ్ల మీద కూసుండి
కిందికెల్లి పైకి సూసుకుంట.
గొంతుముడి లేసినప్పుడు
కత్తి గాలిల పట్టుకోని ఆగిన,
అది దిగేదాక.
నాయినను అంత దగ్గర ఎన్నడు సూడలె.
సెవి కింద గీత లెక్క తెల్లటి మచ్చ.
"ఇదేంది నాయినా?"
"పెండ్లినాడు బాలనర్సు వాళ్లయ్య తెగ్గోసిండు.
ఆ నెత్తురు పసుపుల కలిసిపోయింది.
ఎవ్వలకు ఎర్కలేదు, నువ్వు అడిగినవ్."
నవ్విండు.
నవ్వితె చెంప కదుల్తది, నవ్వకు అన్న.
ఇంకింత నవ్విండు.

రెండేండ్లు.
ఎన్ని ఐతారాలో లెక్కలేదు.
నాయిన మొకం నా చేతికి కంఠస్థం,
సుడి ఏడ ఉన్నదో,
ఎంటిక ఏ దిక్కు పండుకుంటదో.

ఇంటర్ల చేరినంక
చండూరు బస్సుల ఇస్తారిగాడన్నడు:
"నీ పెదవి మీద సీమలు పారుతున్నయి ర."
బస్సు దిగేదాక
చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్న.

తెల్లారి అద్దం ముంగట నిలవడ్డ.
అన్ని వచ్చు అనుకున్న.
ఎదుటి మొకం మీద నేర్చిన చెయ్యికి
సొంత మొకం ఉల్టా.
కుడికి పోతె ఎడమకొస్తది.
నిటారుగ నిలవడి, మెడ కదపకుంట,
కత్తినే వంకర తిప్పుకుంట
గదుమ కిందికి తోలిన.
కసుక్కుమన్నది.
నురుగుల సన్నటి ఎర్ర దారం.

ఎనుక మంచం కిర్రుమన్నది.
మనిషంత తిరిగి
సూస్తున్నడు నాయిన.
"కట్టె లెక్క గట్ల నిలవడ్డవేంది ర?
నా లెక్క.
మెడ లేపు.
నీకు లేస్తది గద."

లేపిన.
ఇంటి రేకు కనవడ్డది.
రేకుకు మొల బొక్క,
బొక్కలకెల్లి రూపాయి బిళ్లంత ఎండ.
గొంతు మీద కత్తి
ఎవ్వలు ఆపనట్టు జారింది.

పటిక రుద్దుకుంటుంటె
మల్ల నాయినే:
"మిగిలిన నురుగు పారవొయ్యకు,
నల్లా నీళ్లయి.
ఇటు తేపో, ఎండకముందె
నాకు పుయ్యి."